తలుపులు మూసిన హారతి

కర్పూరం అంటుకోగానే శేషన్న ఎడమచేతిని పళ్లేనికి అడ్డంపెట్టి నడక మొదలుపెట్టాడు. షెడ్డు తలుపులు మూసి ఉన్నాయి. లోపల మూడు బండ్ల ఇంజిన్లూ ఆడుతున్నాయి. మాఘమాసపు చలిలో డీజిలు ఇంజిన్లు ఒక పట్టాన వేడెక్కవు. అంతసేపూ పొగ ముందు నేలమీద పరుచుకుని, తర్వాత మోకాళ్లదాకా లేచి, చివరికి రేకుల కప్పును తాకి మళ్లీ కిందికి దిగుతుంది. శేషన్నకు తన పాదాలు కనబడలేదు. కంటికి ఆనేది అరచేతి వెనక ఉన్న మంట ఒక్కటే.

కర్నూలులో హంద్రి ఒడ్డునున్న ఆ షెడ్డులో ఆయన టైంకీపరు. బండ్లను వేళకు పంపడం ఆయన ఉద్యోగం. పంపేముందు వాటికి హారతి ఇవ్వడం ఎవరూ అప్పగించకుండానే ఆయనకు వచ్చిన పని. హారతి ప్రతి బండి చుట్టూ తిరిగి, ఆరిపోకుండా తలుపు దగ్గరికి రావాలి. అప్పుడే తలుపులు తెరవాలి. కొన్నేళ్ల కిందట ఒక తెల్లవారుజామున గాలికి మంట పోయింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజే ఒక బండి వాగులో బోల్తాపడి ఇద్దరు చనిపోయారు. అప్పటినుంచి హారతి ఆరిపోతే హిందువుల్లోగానీ సాయిబుల్లోగానీ ఒక్క డ్రైవరు కూడా సీటెక్కడు. అందుకే శేషన్న గోడల పైనున్న గాలికిటికీల్లో గోనెపట్టలు కుక్కించాడు. తలుపుల కింది సందుకు తడి చాపలు వేయించాడు. ఆ తర్వాత హారతి ఏనాడూ ఆరలేదు. ఆ మాట నలుగురూ అంటుంటే ఆయనకు లోపల కొంచెం తృప్తిగా ఉండేది.

ఆ పొద్దున మైదుకూరు బండి పక్కనుంచి వెనక్కి నడిచి, పొగగొట్టం దగ్గర మలుపు తిరగబోతూ ఆగాడు. వెనకగోడకు ఆనుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒక కాలు మడిచి పాదం గోడకు తన్ని, ఒక మోచేయి బయటికి పెట్టి, తల కొద్దిగా వంచి.

“గిడ్డయ్యా! ఎప్పుడొచ్చినావప్పా? విడిచిపెట్టినారా?” అన్నాడు శేషన్న.

ముందురోజు పొద్దున దగ్గుతో కుప్పకూలితే గిడ్డయ్యను పెద్దాసుపత్రిలో చేర్చారు. మనిషి జవాబు చెప్పలేదు. కదలనూ లేదు. శేషన్న పళ్లెం ఎత్తి పట్టుకున్నాడు.

అక్కడ మనిషి లేడు. మనిషంత మేర తెల్లగోడ ఉంది. దాని చుట్టూ గోడంతా నల్లగా, వెల్వెట్టు గుడ్డ పరిచినట్టు మసి. తల, భుజం, మోచేయి, మడిచిన మోకాలు అన్నీ తెల్లగా విడిగా నిలిచి ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట సున్నం తప్ప ఏమీ లేదు.

శేషన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. మంట మాత్రం ఆరలేదు.

తలుపులు తెరిచి పొగ కాస్త పోయాక అందరూ వెనకగోడ దగ్గర మూగారు. మైదుకూరు బండి డ్రైవరు అల్లాబక్ష్ నోటికి తువాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“యా అల్లా! ఇది గిడ్డన్నే కదప్పా. ఆ మోచెయ్యి చూడు. కొంగమాదిరి ఒంటికాలిమీద నిలబడతాండె గదా, అట్లే ఉండాది.”

“టికెట్టు లేకుండా నిలబడిండాడు, దించండప్పా,” అన్నాడు కండక్టరు. కొందరు నవ్వారు. నవ్వు వెంటనే ఆగిపోయింది.

శేషన్న తమ్ముడు ఓబులేసు ముందుకు వచ్చి నల్లటి భాగం మీద వేలుతో గీశాడు. వేలు నల్లబడింది. “ఈసారి దసరాకు గోడకు సున్నం కొట్టల్యా కదన్నా. పొగకు మసి పట్టుకునింది. ఆయన దినామూ ఆనుకునే జాగాలో పట్టల్యా. అంతే. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు.”

గిడ్డయ్య పని అదే. తెల్లవారుజామున ఇంజిను ఆడుతుంటే బండి వెనక, గొట్టానికీ గోడకూ మధ్య నిలబడి పొగను చూడాలి. పొగకు అరచెయ్యి పట్టి, వాసన చూసి, నల్లగా వస్తోందో, తెల్లగా వస్తోందో, నీలంగా వస్తోందో ముందున్న డ్రైవరుకు కేకవేసి చెప్పాలి. దాన్నిబట్టి వాళ్లు డీజిలు పంపు సరిచేసుకుంటారు. యుద్ధం రోజుల్లో, పెట్రోలు కరువై బొగ్గుగ్యాసుతో నడిచిన బొగ్గుబస్సుల దగ్గర మొదలుపెట్టి, డీజిలు బండ్లు వచ్చాక కూడా అతను ఆ చోటు వదలలేదు.

ఇప్పుడు ఆ చోటుకు మనిషి కావాలి. ఓబులేసు పత్తికొండ పక్కనుంచి వచ్చి అన్న ఇంట్లోనే ఉంటున్నాడు. వరసగా వానలు లేక చేను బీడుపడింది. పెళ్లాన్నీ పసిబిడ్డనూ పుట్టింటికి పంపించాడు. శేషన్నే ఓనరు కంబగిరి రెడ్డి దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని తమ్ముడికేదైనా పని చూడమని అడిగాడు. “పొగకాడ నిలబెట్టు. నేర్చుకుంటే పర్మినెంటు చేస్తాం,” అన్నాడు రెడ్డి. ఆ మాటకు శేషన్న ఆ సాయంత్రం దేవునికి కొబ్బరికాయ కొట్టాడు.

మరునాడు హారతి తిప్పేటప్పుడు శేషన్న కావాలనే గోడవైపు చూశాడు. గోడమీది మనిషి మసకబారాడు. ఓబులేసు ఇంకా పని తెలియక గొట్టానికి పక్కగా నిలబడుతున్నాడు. పొగ నేరుగా తెల్లటి చోటికే పోతోంది. భుజాలు బూడిదరంగుకు తిరిగాయి. మోకాలి అంచు చెరిగింది.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లివచ్చిన అల్లాబక్ష్ గొంతు మార్చి చెప్పాడు. “నెత్తురు కక్కినాడప్పా గిడ్డన్న. ఈ పొద్దన్నే. ఈడ గోడమీద నల్లబడతాంటే ఆడ నెత్తురు కక్కినాడు.”

గోడమీది మనిషి మాట ఆసుపత్రిదాకా పాకింది. మరునాడు పొద్దున గిడ్డయ్య భార్య మద్దమ్మ షెడ్డుకు వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా వెనకగోడ దగ్గరికి వెళ్లి నిలబడింది. కొంగుతో తుడవబోయి, తుడిస్తే మసి ఇంకా పాముకుంటుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె చెయ్యి ఆ భుజం ఎత్తుకు వచ్చి, గోడకు తగలకుండా గాలిలోనే ఆగింది.

“ఈ మనిషిని మసి కానీయద్దండప్పా,” అంది. “మీకు దండం పెడ్తా. ఎవరన్నా ఒకరు అడ్డం నిలబడండి. ఆయన తిరిగి వచ్చేదాకా.”

అప్పటిదాకా దయ్యమూ గియ్యమూ లేదన్న ఓబులేసే ముందుకు వెళ్లాడు. గోడకు వీపు ఆనించి, కాలు మడిచి, మోచేయి బయటికి పెట్టి నిలబడ్డాడు. కొంచెం కిందికీ పైకీ జరిగి సరిచేసుకున్నాడు. మనిషి మనిషిలో సరిపోయాడు.

“ఎట్లాగూ నా పనీ ఈడే కదక్కా,” అన్నాడు. “ఆయన్ని కాసినట్లూ ఉంటాది, పొగ చూసినట్లూ ఉంటాది.”

శేషన్నకు ఒళ్లు జలదరించింది. ఎందుకో తెలియలేదు. తమ్ముడి పని నిలబడింది, ఒక ఇల్లాలికి ధైర్యం దొరికింది, ఇందులో జలదరించడానికి ఏముందని తనకు తాను చెప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన నరసింహస్వామి కుంకుమ పొట్లం కట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. గిడ్డయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా కిర్రుమని చప్పుడు. మద్దమ్మ కాళ్లదగ్గర కూర్చుని పాదాలు రుద్దుతోంది. తలదగ్గర నిలబడి ఉన్న డాక్టరు జ్ఞానరాజు వయసులో చిన్నవాడు. అతని కళ్లకింద నిద్రలేమి కనిపిస్తోంది.

“మీ దగ్గరే పనిచేస్తాడా?” అని శేషన్నను అడిగాడు. “బీడీలు బాగా తాగేవాడా?”

“బీడీనా? లేదు సార్. చుట్టగూడ ముట్టడు.”

“అందరూ అట్లే చెప్తారు పెద్దాయనా.”

మద్దమ్మ తలెత్తింది. “ఇన్నేండ్లు పక్కన పండుకున్నదాన్ని సామీ. తాగింటే ఆ వాసన నాకు తెలీదా? ఆయన కాడ ఎప్పుడూ బండి వాసనే.”

డాక్టరు ఆమెవైపు చూశాడు. తర్వాత శేషన్నను వరండాలోకి తీసుకుపోయాడు. క్షయ కాదన్నాడు. ఎక్స్‌రే ఫోటోలో ఊపిరితిత్తి మీద గడ్డ కనిపించిందని, అది క్యాన్సరని, అంటే రాచపుండేనని చెప్పాడు.

శేషన్నకు వెంటనే ఎక్కలేదు. “రాచపుండు నోట్లో వస్తాదని విన్నాం సార్. ఆడోళ్లకు రొమ్ముకు వస్తాదంటారు. ఊపిరికి గూడ వస్తాదా?”

“వస్తుంది. ఎక్కువగా పొగ తాగేవాళ్లకు. ఇతను తాగడంటున్నారు. అందుకే అడుగుతున్నా, మీ షెడ్డులో పొగ ఎంత ఉంటుంది?”

“ఇంజిన్లు ఆడేటప్పుడు ఉంటాది సార్. అది తప్పదు కదా.”

“నేనొకసారి వచ్చి చూడవచ్చునా? ఇంజిన్లు ఆడేటప్పుడే.”

“తప్పకుండా రాండి,” అన్నాడు శేషన్న. “హారతి వేళకు రాండి. మా షెడ్డు పద్ధతి మీరూ చూడచ్చు.”

అంత బాధలోనూ ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది.

డాక్టరు చెప్పినట్టే మరునాడు సైకిలుమీద వచ్చాడు. సంచిలోంచి తెల్లటి గుడ్డముక్కలు తీసి నీళ్లలో తడిపి, ఒకటి తలుపు దగ్గర, ఒకటి బండ్ల నడుమ, ఒకటి వెనకగోడ దగ్గర మేకుకు వేలాడదీశాడు. అవి ఎందుకని అల్లాబక్ష్ అడిగితే, “మనుషులకు బదులుగా అవి ఊపిరి పీలుస్తాయి,” అన్నాడు. అల్లాబక్ష్ ఆ గుడ్డలను అదోలా చూసి దూరంగా జరిగాడు.

తలుపులు మూశారు. ఇంజిన్లు మొదలయ్యాయి. శేషన్న కర్పూరం వెలిగించాడు. ఆయన బండ్లచుట్టూ తిరుగుతున్నంతసేపూ పొగలో ఎక్కడో డాక్టరు దగ్గు వినబడుతూనే ఉంది. వెనకగోడ దగ్గరికి వచ్చేసరికి ఓబులేసు ఒంటికాలిమీద నిలబడి ఉన్నాడు. పొగ అతని ఛాతీకి తగిలి రెండుగా చీలి పక్కలకు పోతోంది. కళ్లు మూసుకుని, అరచెయ్యి చాపి, “నలుపు, నలుపు, ఇంగా నలుపే,” అని కేకవేస్తున్నాడు. ఆ గొంతు గిడ్డయ్య గొంతులాగే రాసుకుపోయి వచ్చింది. శేషన్న అటు చూడకుండా పళ్లెం తిప్పి తొందరగా వచ్చేశాడు.

తలుపులు తెరిచాక డాక్టరు గుడ్డలు విప్పాడు. తలుపు దగ్గరిది మాసిన పంచెలా ఉంది. నడుమది ఇంకా నల్లగా ఉంది. వెనకగోడ దగ్గరిది ముట్టుకుంటే వేళ్లకు జిడ్డుగా అంటుకుంది.

అందరి చూపూ మాత్రం గోడమీదే ఉంది. ఓబులేసు పక్కకు జరిగాడు. తెల్లమనిషి అంతకుముందులాగే నిలబడి ఉన్నాడు. ఓబులేసు వీపు రాపిడికి బూడిదరంగు రాలిపోయి, చుట్టూ కొత్త మసి పట్టడంతో అంచు మరింత స్పష్టంగా తేలింది.

“చూడండి సార్, గిడ్డన్న మళ్ల తెల్లబడినాడు!” అన్నాడు అల్లాబక్ష్ సంబరంగా. ఆసుపత్రికి ఎవరైనా పరుగెత్తి మద్దమ్మకు చెప్పాలన్నాడు.

డాక్టరు గోడను చూడలేదు. ఓబులేసును చూశాడు. చొక్కా వీపు మీద సున్నం మరకలు, ముందంతా నలుపు. ముక్కు కింద రెండు నల్లటి చారలు.

“ఆ తెల్లటి చోటికి పట్టాల్సిన మసి ఎక్కడికి పోయింది?” అన్నాడు అతను.

ఓబులేసు చేతివెనకతో ముక్కు తుడుచుకున్నాడు.

శేషన్న డాక్టరును బల్లమీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. “సార్, ఉన్నది చెప్పండి. ఈ పొగవల్లే గిడ్డయ్యకు రాచపుండు వచ్చిందా?”

డాక్టరు సగం నీళ్లు తాగి గ్లాసు కిందపెట్టాడు. “వచ్చిందని చెప్పలేను. రాలేదనీ చెప్పలేను. పై దేశంలో ఈ మసిని ఎలుకల చర్మానికి పూసి చూశారట. గడ్డలు లేచాయట. ఇంకోచోట బస్సు షెడ్లలో పనిచేసేవాళ్లనూ మిగతావాళ్లనూ లెక్కవేసి చూస్తే తేడా ఏమీ తేలలేదట. ఇతను అంతకుముందు బొగ్గుబస్సుల దగ్గర కూడా ఉన్నాడంటున్నారు. ఏది ఎంత చేసిందో ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు.”

“మరి మేం ఏమి చేయాల?”

“తెలిసేదాకా ఆగితే ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలీదు. అంతవరకూ ఆ గోడదగ్గర ఎవరో ఒకరు నిలబడాల్సి ఉంటుంది. ఆ పందెం కాయడం మీకిష్టమేనా అన్నదే ప్రశ్న.” అతను లేచి సంచి సర్దుకుంటూ పైనున్న గోనెపట్టలను చూశాడు. “అవి ఎందుకు?”

“గాలికి,” అన్నాడు శేషన్న. పళ్లెం చూపించి, “హారతి పోతాదని,” అన్నాడు.

డాక్టరు ముఖంలో ఏమీ మారలేదు. “మీ పూజ గురించి నేను మాట్లాడకూడదు పెద్దాయనా. మా ఇంట్లోనూ ప్రార్థన లేకుండా పొద్దు గడవదు,” అని నల్లబడిన గుడ్డలను కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

కబురు ఓనరుకు చేరింది. మధ్యాహ్నం రెడ్డి పిలిపించాడు. “డాక్టర్లకు పనుండదప్పా. తలుపులు మూయమని నేను చెప్పినానా? గోనెపట్టలు అడిగింది నువ్వే. మూసేది తెరిచేది నీ యిష్టం. నాకు బండి టయానికి రోడ్డెక్కాల. హారతి పోయి డ్రైవర్లు బండెక్కేది లేదంటే మాత్రం నీదే జవాబుదారీ. మీ తమ్ముని సంగతి గూడ నాకు గుర్తుండాది.”

శేషన్న తల ఊపి వచ్చేశాడు.

సాయంత్రం ఇంటి పెరట్లో ఓబులేసు స్నానం చేస్తుంటే వదిన లక్ష్మీదేవమ్మ చెంబుతో నీళ్లు అందిస్తోంది. సీకాయ వేసి రుద్దినా నల్లటి నీళ్లే కారుతున్నాయి. అతను గొంతు సవరించుకుని పక్కకు ఉమ్మాడు. శేషన్న చూశాడు. లక్ష్మీదేవమ్మ కూడా చూసింది. ఆ ఉమ్ముమీద ఒక చెంబు నీళ్లు పోసి నేలను కాలితో రుద్దింది.

“ఒదినా, నేను పర్మినెంటు అయినాక నా పెండ్లాన్ని పిల్చుకొస్తా,” అన్నాడు ఓబులేసు. “బిడ్డకు ఉయ్యాల ఈ దూలానికే కడ్తా.”

“కట్టు నాయనా. ముందు ఆ చెవులు కడుక్కో. బిడ్డ చూస్తే జడుసుకుంటాది.”

శేషన్న దేవుని గదిలో కూర్చున్నాడు. దీపం వెలిగించాడు. పెదవులు ఆడుతున్నాయిగాని మాటల మీద మనసు నిలవలేదు. కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా వత్తి వంగి లేస్తోంది. ఒకసారి బాగా వంగి ఆరిపోయింది. లక్ష్మీదేవమ్మ వంటింట్లోంచి అగ్గిపెట్టె పట్టుకుని వచ్చి, ఏమీ జరగనట్టు మళ్లీ వెలిగించి వెళ్లబోయింది.

“దీపం పోతే నీకు భయం ఉండదా?” అన్నాడు.

“దేనికి?”

“అపశకునం అని.”

“అట్లనుకుంటే ఈ ఇంట్లో దినామూ అపశకునమే. గాలికి పోతాది, మళ్ల ముట్టిస్తా. దేవుడు దానికి కోపం చేసుకునేవాడైతే నామీద ఎప్పుడో చేసుకునింటాడు.” ఆమె గడపలో ఆగింది. “కిటికీ మూస్తే ఆ సాంబ్రాణి పొగకు నాకే ఊపిరాడదు.”

శేషన్న చేతులు జోడించి చాలాసేపు అలాగే ఉన్నాడు. స్వామీ, నీకు మంట కావాలా, మనిషి కావాలా అని అడగాలనిపించింది. అడగడం తప్పేమో అనిపించింది. అడగకుండా ఇన్నాళ్లూ ఉండడం తప్పేమో అని కూడా అనిపించింది. ఏదీ తేల్చుకోలేక సాష్టాంగపడి లేచాడు.

మరునాడు షెడ్డుకు అందరికంటే ముందు ఆయనే వెళ్లాడు. నిచ్చెన వేసుకుని గాలికిటికీల్లోంచి గోనెపట్టలు ఒక్కొక్కటే లాగి కింద పడేశాడు. మసి తలమీదా భుజాలమీదా రాలింది. తలుపుల కింద చాపలు తీసేశాడు. రెండు తలుపులూ బార్లా తెరిచి, మూసుకోకుండా రాళ్లు పెట్టాడు.

డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి తలుపు బయటే ఆగిపోయారు. ఓబులేసు మాత్రం ఎప్పటిలాగే వెళ్లి గోడకు ఆనుకున్నాడు. మద్దమ్మ కూడా వచ్చింది. తెల్లబడిన మనిషిని కళ్లారా చూసుకోవాలని చీకటితోనే నడిచి వచ్చినట్టుంది.

“ఓబులేసూ, బయటికి రా,” అన్నాడు శేషన్న.

“ఇంజిను మొదలుపెట్టాల కదన్నా.”

“ఈడ మొదలుపెట్టేది లేదు. బండ్లను బయలుకు నూకి, ఆడ మొదలుపెడ్తారు. నువ్వూ ఆడే నిలబడి పొగ చూడు.”

మద్దమ్మకు అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. ఆమె వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. “నా మొగం చూడు శేషన్నా. ఎవరూ నిలబడకుంటే దుమ్మో మసో ఏదో ఒకటి పడ్తాది. ఆయన్ని గోడకు వదిలేస్తావా?”

“మద్దమ్మా, గోడకు పట్టాల్సింది వానికి పడ్తాండాది.”

“మా ఆయనకు పట్టల్యా? ఆ పొద్దు నీకు తెలీదా? నీ తమ్ముడు నిలబడితేనే తెలిసిందా?”

శేషన్న కళ్లు నేలమీద పడివున్న గోనెపట్టల మీదికి పోయాయి. ఓబులేసు ఒకసారి ఆమెనూ ఒకసారి అన్ననూ చూసి, మెల్లగా గోడనుంచి వీపు విడిపించుకుని బయటికి నడిచాడు. మద్దమ్మ ఆ తెల్లటి ఆకారాన్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత కొంగు తలమీదికి లాక్కుని వెళ్లిపోయింది. వెళ్తూ ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని శేషన్నకు అనిపించింది.

క్లీనర్లు చేతులు వేసి బండ్లను ఒక్కొక్కటిగా బయలుకు నెట్టారు. ఆరుబయట ఇంజిన్లు మొదలయ్యాయి. ఓబులేసు మైదుకూరు బండి వెనక వంగి అరచెయ్యి పట్టాడు. పొగ అతని చేతికి తగిలీ తగలకుండా పక్కకు వంగి ఎగిరిపోతోంది.

“వాసన దొరకల్యాన్నా!” అని కేకవేశాడు. “పట్టుకునేలోపలే పోతాండాది!”

శేషన్న కర్పూరం వెలిగించాడు. రెండడుగులు వేశాడో లేదో ఆరిపోయింది. మళ్లీ వెలిగించి, ఒళ్లంతా వంచి పళ్లేన్ని పొట్టలో దాచుకున్నట్టు పట్టుకుని నడిచాడు. బండి ముందుకు రాగానే మళ్లీ ఆరిపోయింది. సన్నటి పొగ ఒకటి లేచి, అదీ లేకుండా పోయింది.

అల్లాబక్ష్ స్టీరింగుమీంచి చేతులు తీసేసి కిందికి దిగాడు. “శేషన్నా, నేను నమాజు చేసుకునేవాన్నే. కానీ హారతి పోయిన బండి తోలను. నా పిల్లలు చిన్నోళ్లు.”

మిగతా డ్రైవర్లు కూడా దిగారు. రోడ్డుమీద అప్పటికే జనం మూటలతో నిలబడి ఉన్నారు. మైదుకూరు పోవలసిన ముసలమ్మ ఒకామె, “ఏమప్పా, బండి పోతాదా, పోదా? ఇంటికిపోయి పండుకోనా?” అని అడుగుతోంది.

శేషన్న ఆరిన పళ్లేన్ని అలాగే పట్టుకుని మైదుకూరు బండి ముందు నిలబడ్డాడు. మంట ఉన్నప్పుడు ఎలా తిప్పుతాడో అలాగే నెమ్మదిగా ముమ్మారు తిప్పాడు. గంట కొట్టాడు. పళ్లెంలో మిగిలిన మసిని వేలికి అద్దుకుని, ఎప్పుడూ పెట్టే చోట బండికి బొట్టు పెట్టాడు. తర్వాత పళ్లేన్ని ఓబులేసు చేతికిచ్చి, బండెక్కి డ్రైవరు పక్క ముందుసీటులో కూర్చున్నాడు.

“ఏమి శేషన్నా, నువ్వు యాడికి?” అన్నాడు అల్లాబక్ష్.

“మైదుకూరుకు. ముందుసీటు నాది. ఏమన్నా అయితే ముందు నాకే అవుతాది. మంట ఆర్పింది నేను కదా.”

“ఇంట్లో చెప్పి వచ్చినావా?”

“ల్యా.”

అల్లాబక్ష్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. “నువ్వు పక్కన కూచుంటే నేను రాంగు సైడు గూడ పోయేదానికి లేదు. పాణాలు తీస్తావు,” అని గొణుక్కుంటూ ఎక్కాడు. ఎక్కాక స్టీరింగును తాకి కళ్లకద్దుకున్నాడు. ముసలమ్మ ఎక్కింది. వెనక బండ్లవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మైదుకూరు బండి రోడ్డెక్కేదాకా ఆగి, తర్వాత వాళ్లూ కదిలారు.

నంద్యాల దాటేదాకా శేషన్న కళ్లు రోడ్డుమీదినుంచి తీయలేదు. ప్రతి వాగుదగ్గరా రాడ్డును గట్టిగా పట్టుకున్నాడు. ఆళ్లగడ్డ దగ్గర ఒక గొర్రెలమంద అడ్డం వస్తే తన కాలికిందే బ్రేకు ఉన్నట్టు నేలను తొక్కాడు. మైదుకూరులో దిగి, టీ చల్లారిపోయేదాకా కప్పు పట్టుకుని బండినే చూస్తూ కూర్చున్నాడు. అల్లాబక్ష్ చూసీ చూడనట్టు తన రొట్టె సగం తుంచి ఆయన ముందు పెట్టాడు. పొద్దు వాలేవేళకు తిరిగి కర్నూలు చేరారు.

శేషన్న ఇంటికి పోకుండా నేరుగా ఆసుపత్రికి నడిచాడు. మద్దమ్మ మంచం పక్కనే ఉంది. ఆయన్ని చూసి జరిగి చోటిచ్చిందిగాని తలెత్తలేదు. గిడ్డయ్యకు మెలకువగానే ఉంది. మొన్నటికీ ఇవాళ్టికీ ముఖం ఇంకా లోపలికి పోయింది.

శేషన్న ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

“గిడ్డయ్యా, షెడ్డు తలుపులు తీసేసినా. బండ్లను బయట మొదలుపెట్టిస్తి. హారతి పోయింది.”

భర్త పాదాలు రుద్దుతున్న మద్దమ్మ చెయ్యి ఆగింది. గిడ్డయ్య తల శేషన్నవైపు తిప్పాడు.

“గాలి వచ్చెనా?” అన్నాడు.

“వచ్చెను.”

“యా పక్కనుంచి?”

“హంద్రి పక్కనుంచి.”

గిడ్డయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. ఒక్కొక్క మాటకూ మధ్య కిర్రుమంటోంది. “ఎన్నోసార్లు అడుగుదామనుకుంటి శేషన్నా. రవంత తలుపు తియ్యమని. ఊపిరాడకపోయె. నువ్వు ఎదురుగా వస్తాంటివి, నీ చేతిలో మంట ఉండె. అది పోతాదేమోనని అడగల్యా.”

మద్దమ్మ అప్పుడు తలెత్తి భర్తను చూసింది. తర్వాత శేషన్నను చూసింది. ఆ చూపులో పొద్దుటి కోపం ఉందో పోయిందో ఆయనకు తెలియలేదు.

“చల్లగుండెనా?” అన్నాడు గిడ్డయ్య.

“ఏమి?”

“గాలి. చల్లగుండెనా?”

శేషన్న గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. గాలి వీచినంతసేపూ ఆయన కళ్లు కర్పూరం మీదే ఉన్నాయి. అది చల్లగా ఉందో వెచ్చగా ఉందో గమనించలేదు. ఉందని చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ మనిషి కళ్లు ఆయన్నే చూస్తూ ఆగి ఉన్నాయి.

“చూడల్యాప్పా,” అన్నాడు. “రేపు చూసి చెప్తా.”

“మర్చిపోవద్దు,” అన్నాడు గిడ్డయ్య.